ఇరవై ఒక్క రోజులు పొదగడం, ఆరు వారాలు కాపాడటం: ఊరింటి పెరట్లో కోళ్ళు పెంచాలనుకునే కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

గౌలిగూడలో ఇప్పుడు ఇంటి వెనక పెరడు ఉన్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గౌలీలు అంటే పశువులు కాసుకుని పాలు అమ్ముకునేవాళ్ళు. వాళ్ళ పేరు ఇంకా పలుకుతున్న ఈ మొహల్లాలో నేడు కనిపించేవి దుకాణాలు, గోడౌన్లు, అంతస్తుల మీద అంతస్తులే. కానీ ఇక్కడ ఉంటున్న చాలా కుటుంబాలకు ఊళ్ళో ఒక ఇల్లు, దాని చుట్టూ కొంచెం జాగా ఉంటుంది. ఆ ఇల్లు నల్లగొండ వైపో, మహబూబ్‌నగర్ వైపో, వికారాబాద్ వైపో ఉంటుంది. అమ్మీ అబ్బా అక్కడే ఉంటారు. పిల్లలు సెలవులకు ఎంజీబీఎస్‌లో బస్సెక్కి వెళ్ళొస్తారు. ఆ జాగాలో నాలుగు కోళ్ళు పెంచుకుంటే పిల్లలకు గుడ్లు దొరుకుతాయి, అమ్మీ చేతిలో నాలుగు రూపాయలు ఉంటాయి అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది.

మాట మంచిదే. కానీ మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది ఏడాది తిరిగేలోపు ఖాళీ డర్బా చూసుకుంటూ మిగిలిపోతారు. గుడ్లు పొదగవు. పొదిగినా పిల్లలు బతకవు. బతికిన కోళ్ళు ఒక్క వారంలో వరసగా తలలు వాల్చేస్తాయి. "మాకు అచ్చిరాలేదు" అని వదిలేస్తారు. నిజానికి ఇందులో అచ్చిరావడం, అచ్చిరాకపోవడం చాలా తక్కువ. ఎక్కడ నష్టం వస్తుందో దాదాపు ముందే చెప్పొచ్చు. ఎలాగో చూద్దాం.

ఏ కోడి? ముందు ఈ ప్రశ్నకు జవాబు

కోళ్ళ మీద పరిశోధన చేసే దేశస్థాయి ప్రభుత్వ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ 1988లో మొదలైంది. ఇది భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద పనిచేస్తుంది. గౌలిగూడ నుంచి ఒక సిటీ బస్సు ప్రయాణం దూరం. పెరటి పెంపకం కోసమే ఇక్కడ వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి అనే రకాలను తయారుచేశారు. రాజేంద్రనగర్‌లోనే ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి రాజశ్రీ అనే మరో రకం వచ్చింది.

వీటికి, మన ఊరి నాటుకోడికి తేడా ఏంటంటే:

- నాటుకోడి ఏడాదికి 50 నుంచి 70 గుడ్లు పెడుతుంది. అదీ మూడు నాలుగు విడతలుగా. మధ్యలో పొదుగుతుంది, పిల్లలను తిప్పుతుంది.
- వనరాజ పెరట్లో ఏడాదికి సుమారు 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. ఆరు నెలలకు రెండు కిలోల దాకా తూగుతుంది. గుడ్డుకూ మాంసానికీ రెండింటికీ పనికొస్తుంది.
- గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి. పెరట్లో ఏడాదికి సుమారు 160 నుంచి 180 గుడ్లు. గోధుమ రంగు గుడ్డు కాబట్టి ఊళ్ళో నాటు గుడ్డు ధర పలుకుతుంది.
- అసీల్ మన ప్రాంతపు పాత జాతి. 'అసీల్' అంటే అరబీ, ఉర్దూల్లో మేలు పుట్టుక గలది, కల్తీ లేనిది అని అర్థం. గట్టి కోడి, రుచిగల మాంసం, మంచి తల్లి. గుడ్లు మాత్రం తక్కువ.

అసీల్ పేరు వినగానే పందేలు గుర్తొస్తాయి. జంతువులను ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి పోరాడించడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం నేరం అంటుంది. దీన్లోనూ అది మనా చేసిన పనే. పెంపకానికి పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే రెండు అసీల్ పుంజులను ఒకే డర్బాలో ఉంచితే మిగిలేది ఒకటే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గ్రామప్రియ, వనరాజ రకాలను రెండు వేర్వేరు వంశాల తల్లిదండ్రులను కలిపి తయారుచేస్తారు. వాటి గుడ్లను ఇంట్లో పొదిగిస్తే వచ్చే పిల్లలకు తల్లిలోని గుణాలన్నీ రావు. గుడ్ల సంఖ్య తగ్గుతుంది, బరువు ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది. పైగా ఈ రకాల పెట్టలకు పొదిగే అలవాటు చాలా తక్కువ. అందుకే వీటిని గుడ్ల కోసం పెంచి, మళ్ళీ కావాల్సినప్పుడు పిల్లలను కొత్తగా తెచ్చుకోవాలి. ఇంట్లోనే తరం తర్వాత తరం పొదిగించుకోవాలంటే నాటుకోడో, అసీలో పెట్టుకోవాలి. రెండూ కావాలంటే పది గ్రామప్రియ పెట్టలతో పాటు రెండు నాటు పెట్టలు ఉంచుకోండి. పొదిగే పని వాటికి అప్పగించొచ్చు.

దుకాణం గుడ్డు ఎందుకు పొదగదు

కిరాణా కొట్టులో తెచ్చిన గుడ్డును పిల్లలు సరదాగా బల్బు కింద పెట్టి ఎదురుచూస్తుంటారు. ఆ గుడ్డు పిల్ల కాదు. ఫారాల్లో గుడ్ల కోళ్ళ మధ్య పుంజు ఉండదు. పుంజు లేకుండా కూడా పెట్ట గుడ్డు పెడుతుంది, కానీ అందులో జీవం ఉండదు. పొదిగించాలంటే ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక మంచి పుంజు ఉండాలి.

పొదగడానికి గుడ్లు ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూడాలి. గుడ్డు మరీ పెద్దది, మరీ చిన్నది కాకూడదు. పగుళ్ళు, వంకరలు ఉండకూడదు. పెట్టి ఏడు రోజులు దాటి ఉండకూడదు. గుడ్లను కడగకూడదు. పెంకు మీద కంటికి కనిపించని సన్నటి పొర ఉంటుంది, అదే సూక్ష్మజీవులను లోపలికి పోనివ్వదు. నీళ్ళతో కడిగితే ఆ పొర పోతుంది. మట్టి అంటితే పొడి గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు.

ఎండాకాలంలో ఇంకో చిక్కు ఉంది. గుడ్డును చల్లని చోట ఉంచితే లోపలి జీవం నిద్రలో ఉన్నట్టు ఆగి ఉంటుంది. ఏప్రిల్, మే వేడికి గదిలోనే అది పెరగడం మొదలుపెట్టి, సరైన వేడి అందక సగంలో చచ్చిపోతుంది. తర్వాత ఎన్ని రోజులు పొదిగించినా గుడ్డు మురిగిపోతుందే తప్ప పిల్ల రాదు. అందుకే పెద్దవాళ్ళు తడి ఇసుక మీద పెట్టిన కుండలో గుడ్లు దాచేవారు. చలికాలంలో పొదిగించడం అన్నిటికంటే తేలిక.

కుడక్ ముర్గీ కింద ఇరవై ఒక్క రోజులు

పెట్ట గూట్లోంచి లేవకుండా, ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికి వెళ్తే గుర్రుమంటూ ఉంటే అది పొదుగుకొచ్చిందని అర్థం. మన ఇళ్ళలో దీన్నే 'కుడక్ కూర్చుంది' అంటాం. ఒక నాటు పెట్ట రెక్కల కింద పది నుంచి పన్నెండు గుడ్లు సరిపోతాయి. పదిహేను, పద్దెనిమిది పెడితే అంచున ఉన్నవాటికి వేడి అందదు. కోడి వాటిని లోపలికి జరుపుకుంటుంది, లోపలివి బయటికొస్తాయి. చివరికి అన్నీ చెడతాయి. అత్యాశకు ఇక్కడే మొదటి దెబ్బ.

గంపలోనో, పాత ట్రేలోనో అడుగున కొంచెం ఇసుక లేదా మట్టి, దాని మీద గడ్డి వేసి, చీకటిగా, చప్పుడు లేని మూలన పెట్టాలి. గుడ్లు రాత్రిపూట కోడి కింద పెడితే అది గొడవ చేయదు. అన్ని గుడ్లూ ఒకే రోజు పెట్టాలి. రోజుకో గుడ్డు చేరుస్తూ పోతే పిల్లలు వేర్వేరు రోజుల్లో వస్తాయి. మొదటి పిల్లలు రాగానే కోడి వాటిని తీసుకుని లేచిపోతుంది, మిగతా గుడ్లు చల్లబడిపోతాయి.

పొదిగే కోడి రోజుకు ఒక్కసారి లేచి మేత తిని, నీళ్ళు తాగి, రెట్ట వేసి వస్తుంది. పది పదిహేను నిమిషాలు అలా లేచినా గుడ్లకు ఏమీ కాదు. లేవకుండా మొండిగా కూర్చునే కోళ్ళు చిక్కి శల్యమవుతాయి. అలాంటిదాన్ని మీరే ఎత్తి మేత దగ్గర వదలండి. కూర్చునే ముందే దాని రెక్కల కింద పేలు ఉన్నాయేమో చూసి మందు వేయించండి. పేలు పట్టిన కోడి గుడ్లను సగంలో వదిలేస్తుంది.

గుడ్డులో మూడో రోజుకు గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఏడో రోజు రాత్రి చీకట్లో మొబైల్ టార్చ్‌ను గుడ్డు లావు వైపు ఆనించి చూడండి. ఒక నల్లటి చుక్క, దాని నుంచి సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల పెరుగుతోంది. మొత్తం తెల్లగా వెలిగితే అది జీవం లేని గుడ్డు. లోపల ఒక ఎర్రటి గుండ్రటి గీత మాత్రమే ఉంటే పెరిగి ఆగిపోయింది. ఈ రెండు రకాలనూ తీసేయాలి. లేకపోతే అవి మురిగి పగిలి, మంచి గుడ్లను కూడా పాడుచేస్తాయి.

ఇంక్యుబేటర్‌తో అయితే

చిన్న ఇంక్యుబేటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతున్నాయి. కోడి తన ఒంటితో చేసే నాలుగు పనులు ఇక్కడ మనం చేయాలి: వేడి, తేమ, గాలి, తిప్పడం.

ఫ్యాన్ ఉన్న యంత్రంలో వేడి 37.5 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర నిలకడగా ఉండాలి. ఒక డిగ్రీ ఎక్కువైతే వచ్చే నష్టం, కాస్త తక్కువైతే వచ్చే నష్టం కంటే పెద్దది. మొదటి 18 రోజులు తేమ 55 నుంచి 60 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 75 శాతం ఉండాలి. చివర్లో తేమ ఎందుకు పెంచుతారంటే, పిల్ల పెంకు పగలగొట్టే సమయంలో లోపలి పొర ఎండిపోతే తోలులా గట్టిపడి పిల్లను బిగించేస్తుంది.

గుడ్లను రోజుకు కనీసం మూడు నుంచి ఐదు సార్లు తిప్పాలి. తిప్పకపోతే పిల్ల పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది. 18వ రోజు తర్వాత తిప్పడం ఆపేయాలి, మూత కూడా తెరవకూడదు. కరెంటు పోతే కంగారుపడి మూత తీసి చూడకుండా, పైన దుప్పటి కప్పి ఉంచండి. గంటో రెండు గంటలో అయితే చాలావరకు తట్టుకుంటాయి. రాత్రంతా కరెంటు పోయే ఊరైతే ఇన్వర్టర్ లేకుండా యంత్రం కొనడం డబ్బు దండగ.

21వ రోజు పెంకు మీద చిన్న చిల్లు పడుతుంది. అక్కడి నుంచి పిల్ల బయటికి రావడానికి చాలా గంటలు పట్టొచ్చు. పాపం అని పెంకు ఒలిచి సాయం చేయబోతే నరాలు తెగి రక్తం పోతుంది. వదిలేయండి. బయటికొచ్చిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన ఉంటుంది కాబట్టి రెండు రోజుల దాకా మేత లేకపోయినా బతుకుతుంది. హేచరీల నుంచి పిల్లలను పెట్టెల్లో దూరాలకు పంపగలుగుతున్నది అందుకే.

అసలు పరీక్ష: మొదటి ఆరు వారాలు

చాలా ఇళ్ళలో కోళ్ళ పెంపకం ఓడిపోయేది ఇక్కడే. పిల్లకు మొదట్లో తన ఒంటి వేడిని తానే నిలుపుకునే శక్తి ఉండదు. తల్లికోడి ఉంటే రెక్కల కింద దాచుకుంటుంది. తల్లి లేకుండా తెచ్చిన పిల్లలకు ఆ రెక్కలు మనమే కావాలి.

అట్టపెట్టెతోనో, రేకుతోనో గుండ్రంగా ఒక గది కట్టండి. మూలలు ఉంటే పిల్లలు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి, అందుకే గుండ్రంగా. కింద రెండంగుళాలు వరి ఊక. మధ్యలో బల్బు. ఇక్కడ కొత్తతరం చేసే పొరపాటు ఎల్‌ఈడీ బల్బు పెట్టడం. అది వెలుగిస్తుంది గానీ వేడి ఇవ్వదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బో, వేడి కోసం ప్రత్యేకంగా అమ్మే బల్బో కావాలి.

మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి. తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ముడుచుకుని కీచుకీచుమంటుంటే చలి. బల్బుకు దూరంగా పోయి నోళ్ళు తెరిచి ఉంటే వేడి ఎక్కువ. గదంతా పరుచుకుని తింటూ తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ వేడికి బల్బు ఆపేయాల్సిందే.

తెచ్చిన వెంటనే ముందు నీళ్ళు, తర్వాతే మేత. దూరం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి నీళ్ళలో కొంచెం బెల్లం కలిపి ఇస్తారు. నీళ్ళ పళ్ళెం లోతు తక్కువగా ఉండాలి, లేకపోతే మునిగి చస్తాయి. మొదటి రోజు మొక్కజొన్న రవ్వ, ఆ తర్వాత పిల్లల దాణా. నూకలు ఒక్కటే వేసి పెంచితే కడుపు నిండుతుంది గానీ మాంసకృత్తులు అందక ఎదుగుదల ఆగిపోతుంది. ఊక తడిస్తే వెంటనే మార్చాలి. వానాకాలంలో తడి ఊకలోనే రక్తపు పారుడు జబ్బు పుడుతుంది.

ఇంత శ్రద్ధ పెట్టే తీరిక లేని కుటుంబాలకు ఇంకో దారి ఉంది. కొన్ని కేంద్రాలు పిల్లలను ఆరు వారాల దాకా పెంచి, టీకాలు వేసి అమ్ముతాయి. వీటిని మదర్ యూనిట్లు అంటారు. ఒక్కో పిల్ల ధర ఎక్కువే. కానీ ప్రమాదం ఉన్న రోజులు దాటిన పిల్ల చేతికొస్తుంది. మొదటిసారి పెంచేవాళ్ళకు ఇదే మేలు. రాజేంద్రనగర్ సంస్థ నుంచి పిల్లలో, పొదిగే గుడ్లో కావాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి. ఇవాళ వెళ్ళి ఇవాళే తెచ్చుకుందామంటే దొరక్కపోవచ్చు. ఊరికి బస్సులో తీసుకెళ్ళేటప్పుడు చిల్లులున్న అట్టపెట్టె వాడండి, మధ్యాహ్నం ఎండ తప్పించి పొద్దునో సాయంత్రమో బయల్దేరండి.

వీధుల్లో గులాబీ, పచ్చ రంగులేసి అమ్మే పిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. అవి ఎక్కువగా గుడ్ల జాతి కోళ్ళ మగపిల్లలు. గుడ్లు పెట్టవు, మాంసానికి ఎదగవు కాబట్టి హేచరీలకు అక్కరలేదు. వేడి లేక, మేత లేక చాలావరకు కొన్ని రోజుల్లోనే చనిపోతాయి. పిల్లలు ఏడుస్తున్నారని కొనిస్తే రెండోసారి ఏడుపు ఖాయం.

టీకాలు: ఇక్కడ మిగిల్చిన వంద, అక్కడ పోయే వేలు

పెరటి కోళ్ళను ఊడ్చిపెట్టే జబ్బు రాణిఖేత్. ఊళ్ళో కొక్కెర తెగులు అంటారు. ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ తిరిగిపోవడం, రెక్కలు కాళ్ళు పడిపోవడం దీని గుర్తులు. ఇది వైరస్. వచ్చాక మందు లేదు. రాకముందు టీకా ఉంది, అదీ చవకే. సాధారణంగా పాటించే వరస ఇది:

- మొదటి రోజు: మారెక్స్ (హేచరీలోనే వేస్తారు)
- 5 నుంచి 7 రోజుల మధ్య: రాణిఖేత్‌కు లసోటా, కంట్లో ఒక చుక్క
- 14వ రోజు: గంబోరో
- 28వ రోజు: మళ్ళీ లసోటా
- 6వ వారం: మశూచి టీకా
- 8వ వారం: రాణిఖేత్‌కు ఆర్2బీ ఇంజెక్షన్

ఆ తర్వాత ఎన్ని నెలలకు మళ్ళీ వేయాలో మీ ప్రాంత పశువైద్యుడిని అడగండి. రెండు మూడు నెలలకోసారి నట్టల మందు తాగించాలి.

అసలు ఇబ్బంది టీకా ధర కాదు, సీసా పరిమాణం. ఒక్కో సీసా వంద కోళ్ళకో, అంతకంటే ఎక్కువ కోళ్ళకో సరిపడా వస్తుంది. కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. పది కోళ్ళున్న ఇల్లు "పది కోళ్ళకు ఇంత సీసా ఎందుకు" అని మానేస్తుంది. పక్కింటివాళ్ళూ అలాగే మానేస్తారు. జబ్బు మాత్రం గోడ దూకి అన్ని ఇళ్ళకూ వస్తుంది. దీనికి విరుగుడు ఒకటే: వాడలో పది ఇళ్ళు కలిసి ఒక రోజు పెట్టుకుని అందరి కోళ్ళకూ ఒకేసారి వేయించడం. టీకాను ఐస్ పెట్టిన డబ్బాలో తేవాలి. వేడి తగిలిన టీకా నీళ్ళతో సమానం.

కోడి తల వాల్చినప్పుడు కత్తి తీయకండి

ఇది అన్ని ఇళ్ళలో మాట్లాడుకోవాల్సిన విషయం. కోడి జబ్బుపడి తల వాలుస్తుంటే, చచ్చిపోతే హరాం అవుతుంది, డబ్బు పోతుంది అని హడావిడిగా జబహ్ చేసి వండుకునే అలవాటు ఊళ్ళలో ఉంది. ప్రాణం ఉండగా జబహ్ చేశాం కాబట్టి సరిపోయింది అనుకుంటారు. కానీ హలాల్ కావడంతో పాటు తయ్యిబ్ కూడా కావాలి, అంటే శుభ్రమైనది, మేలు చేసేది కావాలి. జబ్బు కోడిని కోయడం, ఈకలు పీకడం, కడగడం అన్నిటికంటే ప్రమాదమైన పనులు. ఆ పని చేసేది ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్ళే, పక్కన ఉండేది పిల్లలే.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని ఫారాల్లో, తర్వాత తెలంగాణలోనూ బర్డ్ ఫ్లూ బయటపడింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ ఈ వైరస్ సోకి చనిపోయినట్టు నిర్ధారణ అయింది. మనుషులకు రావడం చాలా అరుదు. బాగా ఉడికించిన మాంసం, గుడ్డు తింటే భయం లేదు. పచ్చి మాంసం, జబ్బు కోడి, దాని రెట్ట, ఈకలు, వీటితోనే జాగ్రత్త. కూరకు కోస్తున్నప్పుడు పచ్చి ముక్క పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఒకేసారి మూడు నాలుగు కోళ్ళు చనిపోతే దగ్గరి పశువుల ఆస్పత్రికి చెప్పండి. సంచార పశువైద్య సేవల నంబరు 1962. అంటు జబ్బులను దాచకుండా చెప్పాలని 2009 నాటి కేంద్ర చట్టం కూడా అంటుంది. చచ్చిన కోళ్ళను చెరువులోనో, రోడ్డు పక్కనో పారేయకుండా, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. మిగిలిన కోళ్ళను అమ్మేసి చేతులు దులుపుకోవడం అంటే జబ్బును ఇంకో ఇంటికి అమ్మడమే.

తిరిగే కోడికీ ఇల్లు కావాలి

ఆరు వారాలు దాటాక పగలు వదిలేయొచ్చు. పురుగులు, చెదలు, గడ్డి, రాలిన గింజలు ఏరుకు తింటాయి. కానీ మేత మొత్తం బయటే దొరుకుతుందనుకుంటే గుడ్లు తగ్గుతాయి. సాయంత్రం గూటికి చేరే వేళకు కొంత దాణా వేస్తే ఇంటికి రావడం కూడా అలవాటవుతుంది. గుడ్లు పెట్టే కోళ్ళకు సున్నం అందాలి. గుల్లల పొడి, లేదా ఎండబెట్టి నూరిన గుడ్డు పెంకులు వేయొచ్చు. బూజు పట్టిన పల్లీ చెక్క, బూజు పట్టిన రొట్టె వేయకండి. ఆ విషం కాలేయాన్ని తినేస్తుంది.

రాత్రికి డర్బా తప్పనిసరి. ఒక్కో కోడికి కనీసం ఒక చదరపు అడుగు జాగా, నేల నుంచి కొంచెం ఎత్తు, గాలి ఆడేలా సన్నటి జాలీ, లోపల కూర్చోడానికి అడ్డకర్ర ఉండాలి. పిల్లి, ముంగిస దూరలేనంత సన్నటి జాలీ కావాలి. నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల గూడు. ఎండాకాలంలో మధ్యాహ్నం మేత వేయకుండా పొద్దున, సాయంత్రం వేయండి. నీళ్ళు నీడలో ఉంచి తరచూ మార్చండి, గోనెలు తడిపి కట్టండి.

మురికి కాలవలో, చెత్తకుప్పల్లో తిరిగి తిన్న కోడి గురించి కూడా పెద్దలు చెప్పింది ఉంది. అశుద్ధం తినడం అలవాటైన జంతువును ఫిఖ్హ్‌లో జల్లాలా అంటారు. అలాంటి కోడిని మూడు రోజులు కట్టి ఉంచి శుభ్రమైన మేత పెట్టాకే జబహ్ చేయాలన్నది తెలిసిన మాటే. ఆరోగ్యం లెక్కలో చూసినా మంచి పద్ధతే.

గౌలిగూడ మిద్దెల మీద పెంచాలనుకునేవాళ్ళు మాత్రం రెండుసార్లు ఆలోచించాలి. పది కోళ్ళ రెట్ట రోజూ ఎత్తకపోతే వాసన, ఈగలు పక్కింటికి పోతాయి. తెల్లవారుజామున పుంజు కూత సంగతి చెప్పక్కర్లేదు. గుడ్ల కోసమే అయితే పుంజు అక్కర్లేదు, నాలుగు పెట్టలు చాలు. హమ్‌సాయాకు ఇబ్బంది అయ్యే పనైతే మొదలుపెట్టకపోవడమే మేలు.

లెక్క ఒకసారి వేసుకుందాం

ఈ ధరలు ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి ధరలు పెట్టి మళ్ళీ వేసుకోండి. ఆరు వారాల గ్రామప్రియ పిల్లలు 12 తెచ్చి, పది పెట్టలు గుడ్ల దశకు వచ్చాయనుకుందాం. బయట తిరిగి కొంత తింటాయి కాబట్టి దాణా సగమే వేస్తున్నారనుకుందాం.

- పిల్లలు 12, ఒక్కోటి 100 రూపాయలు: 1,200
- గుడ్లు మొదలయ్యేదాకా 18 వారాల దాణా, రోజుకు 40 గ్రాములు, కిలో 35 రూపాయలు: సుమారు 2,117
- గుడ్ల ఏడాది దాణా, పది కోళ్ళకు రోజుకు 60 గ్రాముల చొప్పున: 7,665
- టీకాలు, మందులు: 500
- డర్బా 5,000 అయితే, ఐదేళ్ళకు పంచితే ఏడాదికి: 1,000

మొత్తం ఖర్చు 12,482 రూపాయలు. పది పెట్టలు 160 చొప్పున పెడితే 1,600 గుడ్లు. పిల్లి ఎత్తుకుపోయేది, పగిలేది, ఆగిపోయేది తీసేసి 1,400 అనుకుంటే, పది రూపాయల చొప్పున 14,000. చివర్లో మిగిలిన ఎనిమిది కోళ్ళు 300 చొప్పున అమ్మితే 2,400. మొత్తం 16,400. మిగిలేది 3,918 రూపాయలు. ఇది సుమారు 16 నెలల లెక్క కాబట్టి నెలకు 245 రూపాయలు. ఇందులో అమ్మీ కష్టానికి కూలి కట్టలేదు.

దాణా కిలోకు ఐదు రూపాయలు పెరిగితే అందులో 1,400 పోతాయి. కాబట్టి దీన్ని వ్యాపారం అనుకుని అప్పు తెచ్చి మొదలుపెట్టకూడదు. ఇంకోలా చూస్తే, కోళ్ళు అమ్మిన డబ్బు తీసేశాక ఒక్కో గుడ్డు ఇంటికి 7 రూపాయల 20 పైసలు పడింది. పది రూపాయల నాటు గుడ్డు ఆ ధరకు పిల్లల పళ్ళెంలోకి వచ్చింది. పెద్ద ఫారాలతో ధరలో పోటీ పడలేం. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి వరసలో, తెలంగాణ మొదటి కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయంటే అది లక్షల కోళ్ళ ఫారాల బలం. పెరటి కోడి బలం వేరు. అది ఇంట్లో మిగిలినదాన్ని, పెరట్లో దొరికినదాన్ని గుడ్డుగా మారుస్తుంది.

అదే లెక్కలో, గుడ్లు మొదలయ్యే వారం ముందు కొక్కెర తెగులు వస్తే పోయేది పిల్లలు, దాణా కలిపి 3,317 రూపాయలు. ఒక్క గుడ్డు కూడా చేతికి రాదు. దాన్ని ఆపగలిగే టీకా ఖర్చు, పది ఇళ్ళు పంచుకుంటే, ఒక్కో ఇంటికి ఒక పూట చాయ్ ఖర్చంత.

మొదలుపెట్టాలనుకునే కుటుంబం కోళ్ళు కొనడానికి ముందు మూడు పనులు చేయాలి. ఊళ్ళో దగ్గరి పశువుల ఆస్పత్రి ఎక్కడుందో, టీకా ఏ రోజు దొరుకుతుందో కనుక్కోవాలి. డర్బా కట్టి, రాత్రిపూట పిల్లి దూరే సందు ఉందేమో చూడాలి. రోజూ పొద్దున, సాయంత్రం చూసుకునేవాళ్ళు ఎవరో ఇంట్లో మాట్లాడుకోవాలి. సిటీలో ఉన్న కొడుకు డబ్బు పంపితే కోళ్ళు వస్తాయి. వాటిని రోజూ లెక్కపెట్టి లోపలికి తోలేది మాత్రం ఊళ్ళో ఉన్న అమ్మీయే, కాబట్టి ఎన్ని కోళ్ళు కావాలో కూడా ఆమెనే అడగండి.